రాకడ, ఎత్తబడుట, ఎదురుకోలు: విశాఖ తీరంలో క్రైస్తవ అంత్యదిన బోధ చరిత్ర

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని తెలుగువారి సామెత. క్రైస్తవ మతం ఈ నేలకు రాకముందే ఈ రెండు మాటలూ జంటగా ఉన్నాయి. ఒకటి ఆశకు, మరొకటి భయానికి గుర్తు. రెండింటికీ సమానమైన లక్షణం ముందుగా తెలియకపోవడం. గ్రీకు కొత్త నిబంధనలోని ‘పరూసియా’ అనే పదానికి ప్రామాణిక తెలుగు బైబిలు ‘రాకడ’ అనే మాటను వాడింది. గ్రీకులో ఆ పదం రాజుగాని చక్రవర్తిగాని ఒక నగరానికి అధికారికంగా విచ్చేయడాన్ని సూచించేది. తెలుగు మాటలో ఆ రాజసం లేదు. దానికి బదులు వర్షం కోసం ఆకాశం వంక చూసే రైతు నిరీక్షణ ఉంది. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవన్న సువార్త బోధ తెలుగు శ్రోతకు కొత్తగా తోచకపోవడానికి ఈ మాట కొంత కారణమని భావించవచ్చు.

అంత్యదినాలను గురించిన క్రైస్తవ బోధ చరిత్రను సాధారణంగా వేదాంత చరిత్రలో భాగంగా పరిశీలిస్తారు. తెలుగునాట దానికి మరొక చరిత్ర ఉంది. అది పదాల చరిత్ర. ఒకే పదజాలాన్ని ఉపయోగిస్తూ పరస్పరం విభేదించే బోధలు రెండు శతాబ్దాల కాలంలో ఇక్కడ స్థిరపడ్డాయి. ఆ చరిత్ర మొదలైన చోటు విశాఖపట్నం. నేడు దాని రూపాలన్నీ పక్కపక్కన కనిపించే చోటు కూడా అదే నగరపు పారిశ్రామిక శివారులోని ఆటోనగర్, గాజువాక ప్రాంతం.

తొలి ముద్రణలు: సూచనలు ముందు, మృగం తరువాత

లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. అంతకు చాలా ముందే, 18వ శతాబ్ది తొలి భాగంలో, బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసులో తెలుగు అనువాదం సాగించినా అది అచ్చుకు నోచుకోలేదు. విశాఖలోని ఇద్దరూ ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో సువార్తలను తెలిగించారు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించారు. వారి శ్రమ ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. వారి తరువాత విశాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన అనువాదం 1818లో మద్రాసులో వెలువడింది. శ్రీరాంపూరు వారి తెలుగు కొత్త నిబంధన కూడా ఆ సంవత్సరానిదే.

ఈ తేదీల క్రమానికి ఒక ప్రాముఖ్యం ఉంది. మత్తయి సువార్త 24, 25 అధ్యాయాలు, మార్కు 13, లూకా 21 అంత్యకాలాన్ని గురించినవి. క్రూరమృగం, ముద్ర, వెయ్యి సంవత్సరాల పాలన, అగ్నిగుండం మొదలైనవి ప్రకటన గ్రంథానికి చెందినవి. అంటే 1812 నుంచి 1818 వరకు అచ్చు పుస్తకాల ద్వారా తెలుగు పాఠకుని చేతికందిన అంత్యదిన బోధలో మృగం లేదు, సంఖ్య లేదు, వెయ్యేండ్లు లేవు. ఉన్నవి చిగిర్చే అంజూరపు చెట్టు, మెలకువగా ఉండవలసిన దాసుడు, దివిటీలు పట్టుకున్న పదిమంది కన్యకలు, చివరకు ఒక తీర్పు. ఆ తీర్పులో అడిగే ప్రశ్నలు ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా, చెరసాలలో ఉన్నవానిని చూడవచ్చావా అన్నవే. ఆరేళ్ల వ్యవధి చరిత్రలో పెద్దది కాదు. అయినా పాఠ్యం అందిన క్రమాన్ని బట్టి తెలుగులో ఈ బోధకు నైతిక స్వరూపం ముందు, దర్శన స్వరూపం తరువాత ఏర్పడిందని చెప్పడం సమంజసం.

ఆ తొలి మిషనరీల మనోధర్మం కూడా దీనికి అనుగుణమైనదే. లండన్ మిషనరీ సొసైటీ పుట్టిన 1795, విలియం కేరీ తన ‘విచారణ’ను ప్రచురించిన 1792 ఫ్రెంచి విప్లవానంతర కాలానికి చెందినవి. సువార్త లోకమంతటా వ్యాపించి, దాని ఫలితంగా భూమిపై నీతియుగం ఏర్పడి, ఆ తరువాత క్రీస్తు వస్తాడనే ఆశావాదం నాటి ఇవాంజెలికల్ వర్గాలలో ప్రబలంగా ఉండేది. వేదాంతులు దీనిని వెయ్యేండ్ల తరువాతి రాకడ అంటారు. ఈ దృష్టిలో బడి పెట్టడం, వ్యాకరణం నేర్వడం, అచ్చు అక్షరాలు పోయించడం కూడా అంత్యకాలపు పనులే. లోకం ముగియబోతున్నదన్న తొందర కంటే లోకం మారబోతున్నదన్న నమ్మకం విశాఖలోని తొలి అనువాదకులను నడిపింది.

ఇక్కడ పేర్ల విషయం కొంత ప్రస్తావించాలి. కొత్త నిబంధన చివరి పుస్తకానికి ప్రొటెస్టంటు తెలుగు బైబిలులో పేరు ‘ప్రకటన గ్రంథము’. కాని ఆ పుస్తకపు మొదటి వాక్యం తనను తాను ‘ప్రత్యక్షత’గా చెప్పుకుంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకే పదం. దాని అర్థం తెర తొలగించడం. కతోలికుల తెలుగులో ఇదే పుస్తకం ‘దర్శన గ్రంథము’. ప్రత్యక్షత, దర్శనం అనే రెండు మాటలూ చూసేవానికి సంబంధించినవి. ప్రకటన అనేది చాటింపుకు సంబంధించినది. ప్రభుత్వ ప్రకటన, పత్రికా ప్రకటన వంటిది. శీర్షికలోని ఈ ఎంపిక వల్ల, చూచి ధ్యానించవలసిన పుస్తకం జరగబోయేవాటి ముందస్తు జాబితాగా చదవబడే అవకాశం పెరిగింది. తరువాతి కాలంలో దండోరా వేసినట్లు సాగిన ప్రకటన గ్రంథ ప్రసంగాలకు ఈ పేరు బాగా ఒప్పింది.

1836: రెండవ కాలగణన

1836లో రెండు ప్రయాణాలు తెలుగు క్రైస్తవ చరిత్రను మలుపు తిప్పాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే ఆ ఏట విశాఖపట్నం వచ్చి, అక్కడినుంచి శ్రీకాకుళానికి, తరువాత మద్రాసుకు, చివరకు 1840లో నెల్లూరికి చేరాడు. అదే 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాకు చేరి నరసాపురం కేంద్రంగా పని ప్రారంభించారు. ఎక్సెటరులో దంతవైద్యుడైన గ్రోవ్స్ ఉద్యోగాన్నీ సంపదనూ వదులుకుని మొదట బాగ్దాదు వెళ్లినవాడు. అతడు ‘సహోదరులు’ అని పిలవబడే సంఘ సంప్రదాయానికి ఆద్యులలో ఒకడు.

ఆ సంప్రదాయంలో అంత్యకాల చింతన కేంద్రస్థానంలో ఉండేది. లోకం క్రమంగా మెరుగుపడదని, చెడుతూనే ఉంటుందని, క్రీస్తు వచ్చిన తరువాతే వెయ్యేండ్ల పాలన మొదలవుతుందని వారి నమ్మకం. జాన్ నెల్సన్ డార్బీ దీనికి మరొక అంతస్తు చేర్చాడు. చరిత్రను యుగాలుగా విభజించి, మహాశ్రమల కాలానికి ముందే సంఘం రహస్యంగా పైకి కొనిపోబడుతుందని అతడు బోధించాడు. అయితే గోదావరి మిషనును డార్బీ బోధకు శాఖగా భావించడం పొరపాటు. సహవాసపు హద్దులను డార్బీ ఇరుకు చేస్తున్నాడని గ్రోవ్స్ 1836లోనే అతనికి లేఖ రాశాడు. ఇద్దరికీ ప్రభువు త్వరగా వస్తాడన్న నిరీక్షణ ఉమ్మడి. ఆ నిరీక్షణ ఒకరిని గోడలు కట్టేందుకు, మరొకరిని అవి తొలగించేందుకు నడిపింది. ఒక సిద్ధాంతం నుంచి ఒకే రకమైన ఆచరణ పుడుతుందని అనుకోరాదనడానికి ఇది మంచి నిదర్శనం.

ఆచరణలో బౌడెన్, బీర్ చేసినదేమిటి? ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం సాగినప్పుడు అక్కడి కూలీల మకాములలో ఈ మిషను బోధించింది. లోకం చివరి గడియలో ఉందని నమ్మినవారు శతాబ్దాలు నిలిచే ఆనకట్ట నీడలో తిరిగారు. ఇందులో వైరుధ్యం ఉన్నట్లు వారికి తోచలేదు. పెద్ద నిర్మాణాల చుట్టూ, ఊళ్లు వదిలి వచ్చిన శ్రామికుల మధ్య ఈ బోధ వేళ్లూనడం అక్కడ మొదలైంది. ఒకటిన్నర శతాబ్దం తరువాత ఉక్కు కర్మాగారం చుట్టూ కనిపించే దృశ్యానికి ధవళేశ్వరం పూర్వరూపం.

దక్షిణ తీరంలో మరొక ఘటన తరచు అంత్యకాల ఉద్యమంగా పొరబడబడింది. 1876-78 నాటి మహాకరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ సామూహిక పరివర్తనలో లోకాంత భయం కంటే మాదిగ కుటుంబాల బంధుత్వ శృంఖల, యెర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకుల పలుకుబడి ఎక్కువ పనిచేశాయి. మత్తయి 25లోని తీర్పు ప్రశ్నలు మాత్రం ఆ కాలువ గట్టున అక్షరాలా ఎదురయ్యాయి.

కాలజ్ఞానపు నేల

పేరయ్య క్రైస్తవానికి ముందు రాజయోగ సంప్రదాయంలో శిష్యుడు. ఒంగోలు ప్రాంతపు మాదిగలలో వ్యాపించిన ఆ యోగ గురు పరంపరలను, పోతులూరి వీరబ్రహ్మం ప్రభావాన్ని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో సవివరంగా నమోదు చేసింది. ఈ సమాచారం అంత్యదిన బోధ చరిత్రకు కీలకం. రాబోయే విపరీతాలను వరుసగా చెప్పే కాలజ్ఞానం, ధర్మాన్ని నిలిపేందుకు మళ్లీ వస్తానన్న గురువు మాట, కలియుగాంతపు కల్కి – ఇవి వినివున్న చెవులకు మత్తయి 24వ అధ్యాయం పరాయి పాఠ్యం కాదు. అనువాదకులు కూడా ఆ చెవులను దృష్టిలో పెట్టుకున్నట్లే కనిపిస్తుంది. గ్రీకు ‘అయోన్’కు ‘యుగము’ అన్నారు. దాని ముగింపు ‘యుగసమాప్తి’ అయింది. మృతుల లోకం ‘పాతాళము’ అయింది. ‘యుగసమాప్తి’ అన్న వెంటనే తెలుగు శ్రోత మనస్సులో మరొక యుగం ఆరంభమవుతుంది. పురాణ కాలం చక్రం కనుక. బైబిలు కాలం రేఖ. ఒకే మాటలో రెండు కాలాలు ఇమిడి ఉండటం వల్ల బోధకులు ఆ మాటను ప్రతి తరంలోనూ మళ్లీ వివరించవలసి వచ్చింది.

విశాఖ మన్యంలోనే, క్రైస్తవంతో నిమిత్తం లేకుండా, నూతన యుగ నిరీక్షణ పోరాటరూపం దాల్చిన ఉదంతం ఉంది. 1900లో పాచిపెంట సమీపంలోని కొర్రవానివలసకు చెందిన కొండదొర కొర్రా మల్లయ్య తాను పాండవుల అవతారమని, తన ఇంటి శిశువు శ్రీకృష్ణుడని ప్రకటించాడు. తన అనుచరుల వెదురు కర్రలు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీరవుతాయని, ఇంగ్లీషువారిని వెళ్లగొట్టి తానే ఏలుతానని చెప్పాడు. వేలమంది అతని చుట్టూ చేరారు. పోలీసు కాల్పులతో ఆ ఉద్యమం ముగిసింది. జిల్లా గెజెటీరు దీనిని మూఢత్వంగా నమోదు చేసింది. అణగారినవారు న్యాయమైన పాలనను రాబోయే కాలంలో ఊహించుకోవడం మూఢత్వమే అయితే, ప్రకటన గ్రంథం కూడా అదే కోవకు చేరుతుంది. రోమా సామ్రాజ్యాన్ని మృగంగా చిత్రించిన ఆ పుస్తకం రాజద్రోహ సాహిత్యమన్న సంగతి బ్రిటిషు పాలన నీడలోని మిషను పాఠశాలలలో అంతగా వినబడలేదు.

మత భేదం లేకుండా లోకాంత భయం వ్యాపించిన సందర్భాలు సమీప గతంలోనూ ఉన్నాయి. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి, 1979 జూలైలో స్కైలాబ్ పతనం తెలుగు పల్లెలను వణికించాయి. స్కైలాబ్ శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఆ రోజుల భయం మాత్రం తెలుగువారి నోట హాస్యకథగా మిగిలి, 2021లో ఒక చలనచిత్రానికి ఇతివృత్తమైంది. భయం తీరాక నవ్వుకోగలగడం కూడా ఒక సంస్కృతి లక్షణమే.

కీర్తన నుంచి పెండ్లికుమార్తె వరకు

తెలుగు క్రైస్తవుల వేదాంతం ప్రసంగంలో కంటే పాటలో నిలిచిందని ఆర్. ఆర్. సుందరరావు 1983లో ప్రచురించిన తన పరిశోధనలో నిరూపించాడు. ఆ పాటకు ఆద్యుడైన పురుషోత్తమ చౌదరి 1803లో గంజాం సీమలోని మదనాపురంలో పుట్టి, విశాఖపట్నంలో క్రైస్తవ సాహిత్యంతో పరిచయం పొంది, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. పల్లవి, చరణాల కీర్తన చట్రంలో అతడు నిలిపిన భక్తుడు ఒంటరివాడు. తన పాపాన్ని తలచుకుని దయ కోసం మొరపెట్టుకునేవాడు. ఆ మొరకు రామదాసు, శతక కవుల ఆర్తి నేపథ్యం. అందువల్ల తొలి కీర్తన సంప్రదాయంలో లోకాంతం సామూహిక విపత్తుగా కంటే వ్యక్తి మరణ ఘడియగా, తన ఒక్కడి తీర్పుగా కనిపిస్తుంది. ‘ప్రాణం పోకడ’ పక్షమే అక్కడ బలమైనది.

‘రాకడ’ పక్షం బలపడినది 20వ శతాబ్దిలో. దానికి అనేక దారులు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు డార్బీ యుగవిభజనను పాఠ్యపు అడుగునే అచ్చువేసి ప్రపంచవ్యాప్తం చేసింది. 1930ల నాటికి కేరళ నుంచి వచ్చిన పెంతెకొస్తు బోధకులు డెల్టాలో పాతుకున్నారు. అడ్వెంటిస్టులు నూజివీడు ఆసుపత్రి ద్వారా, యెహోవా సాక్షులు ‘కావలికోట’ పత్రిక ద్వారా తమ తమ లెక్కలను తెచ్చారు. కెనడాలో క్రైస్తవుడై తిరిగివచ్చిన పంజాబీ భక్తసింగ్ హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా నడిపిన పరిశుద్ధ సమావేశాలు, ‘సీయోను గీతములు’ సంకలనం ఈ నిరీక్షణను గానం చేసే సంఘాలను ఊరూరా నిలిపాయి.

వీటన్నిటిలో తెలుగుదనం మిక్కిలిగా గలది ముంగమూరి దేవదాసు బోధ. జేగురుపాడులో పుట్టిన దేవదాసు లూథరన్ సంఘంలో పెరిగినవాడు. లూథరన్ల విశ్వాస ప్రమాణమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు తన 17వ అధికరణంలో, మృతుల పునరుత్థానానికి ముందే నీతిమంతులు భూరాజ్యాన్ని ఏలుతారన్న భావనను తోసిపుచ్చింది. ఆ సంఘంలో పెరిగిన వ్యక్తి 1938లో స్థాపించిన బైబిలు మిషను, రాకడకు సిద్ధపాటును తన ఉపదేశానికి ప్రాణంగా చేసుకుంది. ఆ సిద్ధపాటును అతడు యుగాల పటంగా కాక పెండ్లిగా చెప్పాడు. సంఘం పెండ్లికుమార్తె, క్రీస్తు పెండ్లికుమారుడు, విశ్వాసి జీవితమంతా పెండ్లి ముస్తాబు. ఈ ఉపమానం బైబిలుదే. అయినా నాయికా నాయక భావంతో భగవంతుని కొలిచిన తెలుగు పద సంప్రదాయం పెరిగిన నేలమీద అది పొందిన సాంద్రత వేరు. భయాన్ని బిడియంగా, తీర్పును ముహూర్తంగా మార్చిన ఘనత దేవదాసుకు చెందుతుంది.

ఎత్తబడుటయా, ఎదురుకోలా?

నేటి తెలుగు అంత్యదిన ప్రసంగంలో అతి ప్రచారంలో ఉన్న మాట ‘ఎత్తబడుట’. సంఘం ఎత్తబడుతుంది, విశ్వాసి ఎత్తబడతాడు, కానివాడు విడువబడతాడు. ఈ బోధకు ముఖ్యాధారమైన మొదటి థెస్సలొనీకయుల పత్రిక 4వ అధ్యాయంలో ప్రామాణిక అనువాదం వాడిన క్రియ ‘కొనిపోబడుట’. ప్రసంగ పీఠం దానిని వదలి ‘ఎత్తబడుట’ను స్వీకరించింది. కొనిపోవడంలో తోడు ఉంది. ఎత్తడంలో దిశ ఉంది. ఎత్తబడినది నేలను విడుస్తుంది. భూమి నుంచి నిష్క్రమణే రక్షణ అన్న డార్బీ భావనకు తెలుగులో ఇంతకంటె సరిపడే మాట దొరకదు.

అదే వాక్యంలో మరొక మాట ఉంది. దానిని వేదికలు అంతగా పట్టించుకోలేదు. విశ్వాసులు వెళ్లేది ప్రభువును ‘ఎదుర్కొనుటకు’. గ్రీకులో ఇది ‘అపాన్తేసిస్’. నగరానికి విచ్చేసే రాజును పౌరులు ఊరి వెలుపలకు వెళ్లి కలుసుకుని, తమ వెంట లోపలికి తోడ్కొని వచ్చే మర్యాదకు ఆ పేరు ఉండేదని ఎరిక్ పీటర్సన్ 1930లో వాదించాడు. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో రోమా విశ్వాసులు పౌలుకు ఎదురువెళ్లి కలుసుకున్నాక అందరూ కలసి రోమాకే వచ్చారు. మత్తయి 25లో కన్యకలు పెండ్లికుమారునికి ఎదురువెళ్లడానికి వాడిన మాట కూడా ఇదే.

తెలుగువారికి ఈ మర్యాదను వివరించడానికి గ్రీకు నిఘంటువు అక్కరలేదు. ‘ఎదురుకోలు’ మన పెండ్లిలో ఒక ఘట్టం. మగపెండ్లివారు వస్తున్నారని తెలియగానే ఆడపెండ్లివారు మేళతాళాలతో పొలిమేరకో విడిదికో ఎదురువెళ్లి, పానకమిచ్చి, వారిని ఊళ్లోకి తీసుకువస్తారు. ఎదురువెళ్లినవారు పెండ్లికుమారునితో కలిసి ఊరు విడిచిపోవడం ఎక్కడా లేదు. ఎదుర్కొనుట అనే క్రియకు ఈ తెలుగు అర్థాన్ని అన్వయిస్తే వాక్యపు దిశ మారుతుంది. మేఘాల మీదికి వెళ్లడం ప్రయాణంలో సగమే. మిగిలిన సగం తిరిగి భూమికి. అనువాదకులు ఈ సూక్ష్మాన్ని ఉద్దేశించి ఆ మాట వేశారో, సహజంగా తోచి వేశారో చెప్పడం అనవసరం. మాట అక్కడ ఉంది. ఎత్తబడుటను బోధించే పీఠం మీదనే, ఆ బోధను సరిదిద్దగల మాట తెరిచిన పుస్తకంలో ఉంది.

ఇది కేవలం పదచర్చ కాదు. రక్షణ అంటే ఈ ఊరు విడిచిపోవడమా, ఈ ఊళ్లోకి న్యాయాన్ని తోడ్కొని రావడమా అన్న ప్రశ్నకు సంఘాలు ఇచ్చే జవాబును బట్టి వేతనం, భూమి, కులం పట్ల వాటి వైఖరి ఏర్పడుతుంది. తెలుగు క్రైస్తవులలో అత్యధికులు దళితులు కావడం, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా మతం మారిన దళితునికి షెడ్యూల్డు కుల హోదా లేకపోవడం ఈ ప్రశ్నను మరింత పదునెక్కిస్తాయి.

కొలిమి పక్కన

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది; 1992లో అది జాతికి అంకితమైంది. భూములిచ్చిన గ్రామాలవారు నిర్వాసిత కాలనీలకు మారారు. గాజువాకను ఆనుకుని లారీ షెడ్లు, లేతు యంత్రాలు, వెల్డింగు, బాడీ బిల్డింగు పనులతో ఆటోనగర్ విస్తరించింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, డెల్టా నుంచి వచ్చిన కార్మికులతో పాటు వారి సంఘాలూ వచ్చాయి. గోదావరి సహోదరుల వారసులు, బాప్టిస్టులు, పెంతెకొస్తులు, బైబిలు మిషనువారు, స్వతంత్ర ప్రార్థన మందిరాలవారు ఇక్కడ ఇరుగుపొరుగులయ్యారు. డెల్టాలో ఊరికొకటిగా విడివిడిగా పెరిగిన బోధలు ఇక్కడ ఒకే వీధిలో, ఒకే ఆదివారం వినిపిస్తాయి.

ఈ పరిసరంలో ప్రకటన గ్రంథపు బొమ్మలు అలంకారాలుగా మిగలవు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లు, అన్నమిచ్చే దేవత పేరు పెట్టుకున్న బ్లాస్టు ఫర్నేసుల నుంచి కరిగిన ఇనుము ప్రవహించే చోట ‘అగ్నిగుండము’ ఊహించవలసినది కాదు. మృగపు ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడన్న వర్ణనకు బార్‌కోడు, గుర్తింపు సంఖ్య వంటి వ్యాఖ్యానాలు ప్రపంచమంతటి నుంచి పుస్తకాలు, రేడియో, టీవీ ద్వారా వచ్చి చేరాయి. వీటిలో చాలాభాగం అమెరికన్ దిగుమతి. 1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం నుంచి నేటివరకు మృగం చిరునామా మారుతూనే ఉంది. స్థానికమైన అర్థం అంతకంటె లోతుగా మరొక చిహ్నంలో ఉంది. అది ‘జీవగ్రంథము’. పేరు జాబితాలో ఉన్నదా లేదా అన్నది నిర్వాసితుని పునరావాస హక్కును, కాంట్రాక్టు కార్మికుని మస్టరును, దళిత క్రైస్తవుని కుల ధ్రువపత్రాన్ని నిర్ణయించే సమాజంలో, ఏ అధికారీ కొట్టివేయలేని పుస్తకంలో పేరుండటం ఎంతటి ఆశో వేరుగా చెప్పనక్కరలేదు.

విపత్తులకూ ఈ నగరంలో కొదవలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్. ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు. ఆ వాయువు పన్నెండుమందిని బలిగొన్నది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారపు పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. ఇటువంటి ప్రతి సందర్భాన్నీ సూచనగా చదివే బోధ ఒక ప్రమాదాన్ని వెంట తెస్తుంది. నిర్లక్ష్యం వల్ల జరిగినది ప్రవచన నెరవేర్పుగా మారితే, జవాబు చెప్పవలసినవారు తప్పుకోగలుగుతారు. మత్తయి 24 తానే ఈ తొందరను వారిస్తుంది. యుద్ధవార్తలు విని కలవరపడవద్దని, అంతం వెంటనే రాదని ఆ అధ్యాయపు హెచ్చరిక.

పౌలు ఆ పత్రికలు రాసిన థెస్సలొనీక కూడా రేవు పట్టణమే. అక్కడివారిలో కొందరు పని మానుకున్నారు. రెండవ పత్రిక మూడవ అధ్యాయంలో అతడు వారిని పని చేసుకుని తినమని గట్టిగా చెప్పాడు. పని మానుకోవడానికి రాకడే కారణమా అన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. పౌలు డేరాలు కుట్టే వృత్తివాడు కావడం, ఆ మాటను చేతులతో పనిచేసేవాడు చెప్పడం మాత్రం గమనార్హం.

ఆ మొదటి పత్రిక 4వ అధ్యాయం ఎందుకు పుట్టిందో గుర్తుచేసుకోవాలి. ప్రభువు రాకముందే చనిపోయినవారి గతి ఏమిటని థెస్సలొనీక సంఘం దుఃఖించింది. ఆ దుఃఖానికి జవాబుగా పౌలు దానిని రాశాడు. తెలుగు క్రైస్తవుల ఆచారం ఈ మూలోద్దేశాన్ని ప్రసంగ పీఠం కంటే నమ్మకంగా కాపాడింది. మరణ వార్తలలో చనిపోయినవారిని ‘ప్రభువునందు నిద్రించిన’వారనడం ఆ అధ్యాయపు భాషే. భూస్థాపన వేళ సమాధి ఒడ్డున చదివే పాఠాలలో అది ముఖ్యమైనది. ఆ తరువాత కొన్నాళ్లకు, షామియానా వేసి, బంధువులనూ పనిచోటి తోటివారినీ పిలిచి, భోజనం పెట్టి జరిపే సభకు డెల్టా నుంచి గాజువాక వరకు వాడుకలో ఉన్న పేరు ‘ఆదరణ కూడిక’. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండన్న ఆ అధ్యాయపు చివరి వాక్యం నుంచి ఆ పేరు వచ్చింది. కూడికకు వచ్చినవారిలో క్రైస్తవులు కానివారు సగముంటారు. వారికి ఎత్తబడుట, మహాశ్రమలు, వెయ్యేండ్లు తెలియవు. ఆదరణ అన్న మాట తెలుసు.